వాచ్‌మన్ వాళ్ల బాబుకు డిఫ్తీరియా: అపార్ట్‌మెంట్ అంతా భయపడాలా?

మియాపూర్_మూర్తి
మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కొడుకు, ఎనిమిదేళ్లవాడు, మొన్నటి నుంచి నల్లకుంట ఫీవర్ ఆస్పత్రిలో ఉన్నాడు. డిఫ్తీరియా, అదే కంఠసర్పి అన్నారు. మొదట మామూలు గొంతునొప్పే అనుకుని మెడికల్ షాపులో మాత్రలు తెచ్చి వేశారట. మెడ వాచిపోయి, గుటక పడక, మాట ముద్దగా వస్తుంటే అప్పుడు తీసుకెళ్లారు.

నిన్న హెల్త్ వాళ్లు వచ్చారు. వాచ్‌మన్ గదిలో ఉండేవాళ్లకీ, ఆ బాబుతో సెల్లార్‌లో క్రికెట్ ఆడే పిల్లలకీ, వాడితో దగ్గరగా మెలిగే మిగతావాళ్లకీ గొంతులోంచి స్వాబ్ తీసుకున్నారు. మాత్రలిచ్చారు. డిఫ్తీరియా టీకా ఉన్న టీడీ ఇంజెక్షన్ వేయించుకోమన్నారు. పదకొండేళ్ల మావాడూ ఆ బ్యాచే.

ఇక మా అసోసియేషన్ వాట్సాప్ గ్రూపు చూడాలి. వాళ్లను వెంటనే ఖాళీ చేయించమని ఒకరు, లిఫ్టు ఎక్కనివ్వొద్దని ఒకరు, సెల్లార్ మొత్తం ఫ్యూమిగేషన్ చేయించి ఫ్లాటుకు ఇంతని వసూలు చేద్దామని సెక్రటరీ. ఇది లిఫ్టు బటన్ల మీద నుంచి అంటుకునే జబ్బా? ఎప్పుడో పోయిందనుకున్న కంఠసర్పి మళ్లీ ఎక్కణ్నుంచి వచ్చింది? మా అమ్మకు డెబ్బై దగ్గర పడ్డాయి. ఇంజెక్షన్ అనగానే "ఈ వయసులో నాకు పిల్లల టీకాలేంట్రా" అంటోంది. తెలిసినవాళ్లు చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

చాయ్_బిస్కెట్
ఫ్యూమిగేషన్ కొటేషన్ ఈపాటికి వచ్చేసే ఉంటుంది. కంపెనీ సెక్రటరీ బావమరిదిదా?

మియాపూర్_మూర్తి
బావమరిది కాదు, తోడల్లుడు.

వార్డు_డ్యూటీ
పిల్లల వార్డులో పనిచేస్తాను కాబట్టి చెబుతున్నా. ఇది దగ్గు, తుమ్ముల తుంపర్లతో వస్తుంది. దగ్గరగా కూర్చుని గంటల తరబడి మాట్లాడుకునేవాళ్లకి, ఒకే గ్లాసు, ఒకే టవల్ వాడేవాళ్లకి రిస్క్ ఎక్కువ. చర్మం మీద డిఫ్తీరియా పుండు ఉంటే దాన్నుంచీ రావచ్చు. లిఫ్టు బటన్ గురించి నిద్ర చెడగొట్టుకోకండి. తోడల్లుడిగారి పొగ అక్కర్లేదు, బాబు వాడిన గిన్నెలు, పక్కబట్టలు వేడినీళ్లతో, సబ్బుతో శుభ్రం చేసుకుంటే చాలు.

మాత్రలు మాత్రం కోర్సు మొత్తం వాడించండి. "మావాడు బాగానే ఉన్నాడు కదా" అని సగంలో ఆపేసేవాళ్లే ఎక్కువ. అంటుకున్నాక మామూలుగా 2 నుంచి 5 రోజుల్లో బయటపడుతుంది, మేం పది రోజుల దాకా కనిపెట్టి చూస్తాం. అన్నాళ్లూ రోజూ ఒకసారి టార్చి వేసి మీవాడి గొంతు చూడండి. టాన్సిల్ మీద బూడిద రంగు పొర కనిపిస్తే అదే రోజు ఆస్పత్రికి రావాలి. ఆ పొరను దూదితో తుడిచేద్దామని మాత్రం ప్రయత్నించొద్దు. కిందినుంచి రక్తం వస్తుంది. ఊడి శ్వాసనాళంలోకి జారితే ఊపిరి ఆడదు.

ఇంకో సంగతి. దీనిలో జ్వరం పెద్దగా ఉండదు. 100, 101 దగ్గర ఆడుతుంటుంది. అమ్మానాన్నలు మోసపోయేది అక్కడే. "ఒళ్లు కాలిపోవట్లేదు కదా డాక్టర్" అంటారు, పిల్లాడు చూస్తే నీరసంగా, పాలిపోయి ఉంటాడు.

కడప_కుర్రాడు
మెడ వాపు ఎందుకొస్తది సార్? గవదబిళ్లలకు కూడా వస్తది కదా.

వార్డు_డ్యూటీ
గవదబిళ్లల్లో చెవి కింద, చెంప దగ్గర వాపు వస్తుంది. దీనిలో గొంతు చుట్టూ ఉన్న గ్రంథులు, చుట్టుపక్కల కండ అంతా వాచి గడ్డానికీ మెడకీ తేడా తెలియకుండా పోతుంది. ఎద్దు మెడ అంటాం. అది కనిపించిందంటే విషం ఒంట్లోకి బాగా పోయిందని అర్థం. వాచ్‌మన్ బాబుకు వెంటనే ఏడీఎస్ పెట్టి ఉంటారు.

మియాపూర్_మూర్తి
అవును, ఏడీఎస్ అనే అన్నారు. ముందు చర్మంలోకి కొంచెం వేసి, కాసేపు చూసి, అప్పుడు సెలైన్‌లో ఎక్కించారట. అదేంటి? యాంటీబయాటిక్ కాదా?

వార్డు_డ్యూటీ
కాదు. యాంటీ డిఫ్తీరిటిక్ సీరం. గుర్రాలకు డిఫ్తీరియా టాక్సాయిడ్ ఇచ్చి, వాటి రక్తంలో తయారైన విరుగుడును శుద్ధి చేసి ఇస్తారు. గుర్రం ప్రొటీన్ కాబట్టి కొందరికి పడదు, అందుకే ముందు టెస్ట్ డోసు. జబ్బు తీవ్రతను బట్టి 20,000 యూనిట్ల నుంచి లక్ష దాకా వెళ్తాం. మెడ వాచినవాళ్లకి, మూడు రోజులు దాటి వచ్చినవాళ్లకి పైడోసే.

పెన్సిలిన్, ఎరిత్రోమైసిన్ కూడా ఇస్తాం, 14 రోజులు. అవి క్రిమిని చంపుతాయి. అప్పటికే విడుదలైన విషాన్ని ఏమీ చేయలేవు. సీరం కూడా రక్తంలో తిరిగే విషాన్నే పట్టుకోగలదు, గుండె కండలోకో నరాల్లోకో దిగిపోయినదాన్ని బయటికి లాగలేదు. అందుకే ల్యాబ్ రిపోర్టు వచ్చేదాకా ఆగం. గొంతు చూసి అనుమానం బలంగా ఉంటే పెట్టేస్తాం.

నల్లకుంట_నాని
అన్నా, మేము కోరంటి దవాఖాన పక్క గల్లీలనే పెరిగినం. ఫీవర్ ఆస్పత్రి అంటే మా నానమ్మకు తెల్వదు, కోరంటి అంటేనే తెలుసు. వానాకాలం పోయి చలి మొదలైతుంటే గొంతు పోరగాళ్లు వస్తరు అనేది.

మా చిన్నాయన బిడ్డకు అయింది ఇది. పన్నెండేళ్లు ఉంటయేమో. గొంతు తగ్గింది, ఇంటికి పంపిన్రు, అందరం ఖుషీ. కొన్ని వారాలైనంక ఒకరోజు నీళ్లు తాగితే ముక్కులకెల్లి బయటకొచ్చినయి. చిన్నమ్మ తొందరగ తాగుతున్నవని తిట్టింది. మళ్లీ తాగితే మళ్లీ అంతే. మాట కూడ ముక్కుతోటి మాట్లాడినట్టు అయింది, "బాబాయ్" అంటే "మామాయ్" అని వినపడుతుండె. పుస్తకం దగ్గర పెట్టుకుంటే అక్షరాలు అలుక్కుపోయినట్టు కనపడుతున్నయని ఏడ్చింది. మేము దిష్టి తీయించినం కూడ. మళ్లీ అదే దవాఖానకు పోతే డాక్టర్ నవ్వి, ఇది ఆ విషం నరాలకు తాకినందుకు, నెమ్మదిగ తగ్గుతదన్నడు. తగ్గింది. ఇప్పుడు బ్యాంకుల పనిచేస్తున్నది, ఫోన్ల మాట్లాడుడు మొదలుపెడితే ఆపదు.

వార్డు_డ్యూటీ
@నల్లకుంట_నాని చెప్పింది అచ్చంగా అదే. అంగిటి నరం ముందు దెబ్బతింటుంది, తర్వాత కంటి చూపు సర్దుకునే కండరం, ఇంకా ఆలస్యంగా కాళ్లూ చేతులూ. నరాలు చాలావరకు కోలుకుంటాయి. నాకు భయం గుండె గురించి. గొంతు శుభ్రమైపోయి, పిల్లాడు ఇడ్లీ తింటూ కూర్చున్న రెండో వారంలో గుండె లయ తప్పుతుంది. "బాగానే ఉన్నాడు, డిశ్చార్జ్ చేసేయండి" అని గొడవపడే తల్లిదండ్రులకు రోజూ ఇదే చెబుతాం. ఈసీజీ రోజూ తీస్తాం, మంచం దిగనివ్వం. వైద్యం అందినా 100 మందిలో 5 నుంచి 10 మంది దక్కరు. ఐదేళ్ల లోపు పిల్లల్లో అది ఇంకా ఎక్కువ.

చాయ్_బిస్కెట్
జోకులేద్దామని వచ్చా. ఈ థ్రెడ్‌లో కుదిరేలా లేదు.

ప్రకృతి_బాట
ఇంత హడావుడి దేనికి? మా తాతలు ఏ టీకాలు వేయించుకున్నారు? తొంభై ఏళ్లు బతికారు. మిరియాల కషాయం, పసుపు పాలు, ఉప్పునీళ్లు పుక్కిలించడం. గొంతులో ఏ క్రిమీ నిలవదు.

పాత_పంతులు
తొంభై ఏళ్లు బతికిన తాతగారిని కాదు, ఆయన తోడబుట్టినవాళ్లు ఎంతమంది పుట్టారు, ఎంతమంది మిగిలారు అని అడగండి నాయనా.

ల్యాబ్_లక్ష్మి
మిరియాల కషాయం మంచిదే, గొంతుకు హాయిగా ఉంటుంది. నేను స్లైడు మీద చూసేవాటికి మాత్రం అది తెలిసినట్టు లేదు 😀

మూర్తిగారూ, మీవాడి స్వాబ్ ఏమవుతుందో చెబుతా. ముందు ఒక స్లైడు మీద రాసి ఆల్బర్ట్ రంగు వేస్తాం. అనుమానం నిజమైతే మైక్రోస్కోప్ కింద సన్నటి ఆకుపచ్చ కడ్డీలు, వాటి చివర్లలో నీలినలుపు చుక్కలు కనిపిస్తాయి. సూటిగా వరసల్లో ఉండవు, అగ్గిపెట్టె బోర్లించినట్టు ఒకదాని మీద ఒకటి అడ్డదిడ్డంగా పడి ఉంటాయి. అది చూడగానే వార్డుకు ఫోన్ చేస్తాం. అయినా దాంతోనే తేల్చేయకూడదు, ఎందుకంటే దాని దాయాదులు మామూలుగానే మన గొంతులో, చర్మం మీద ఉంటాయి, చూడ్డానికి కొంచెం ఇలాగే ఉంటాయి.

అందుకే కల్చర్ పెడతాం, అంటే క్రిమిని పెంచి చూస్తాం. లోఫ్లర్ సీరం అనే మేత మీద రాత్రి పెడితే పొద్దునకు పెరుగుతుంది. టెల్యూరైట్ ప్లేటు మీద ఇంకో రోజు పడుతుంది, బూడిదనలుపు చుక్కలుగా వస్తాయి. ఆ తర్వాత అసలు ప్రశ్న, ఈ క్రిమి విషం చేసే రకమా కాదా అని. దానికి ఎలెక్ పరీక్ష గానీ, జీన్ కోసం పీసీఆర్ గానీ. అది అన్ని ల్యాబ్‌లలోనూ ఉండదు, పై ల్యాబ్‌కు పంపాలి. కాబట్టి రిపోర్టు ఆలస్యమైతే ల్యాబ్ వాళ్లను తిట్టకండి, ప్లీజ్.

కడప_కుర్రాడు
ఆగండి మేడమ్. విషం చేయని డిఫ్తీరియా క్రిమి కూడా ఉంటదా? అయితే అది డిఫ్తీరియా ఎట్లా అవుతది?

పాత_పంతులు
ఇంటర్ పిల్లలకు ముప్పై ఏళ్లు జువాలజీ చెప్పినవాణ్ని, ఇలాంటి ప్రశ్న కనిపిస్తే ఆగలేను. ఓపిక ఉన్నవాళ్లే చదవండి.

క్రిమి పేరు కొరినీబ్యాక్టీరియం డిఫ్తీరియే. 1883లో క్లెబ్స్ దాన్ని పొరలో చూశాడు, 1884లో లోఫ్లర్ విడిగా పెంచాడు. లోఫ్లర్‌కు రెండు సంగతులు మింగుడుపడలేదు. చనిపోయినవాళ్ల గుండె, నరాలు దెబ్బతిన్నాయి గానీ క్రిమి మాత్రం గొంతు దాటి ఎక్కడా లేదు. పైగా ఏ జబ్బూ లేని ఒక పిల్లాడి గొంతులోనూ అదే క్రిమి దొరికింది. ఇది ఎక్కడో కూర్చుని విషం పంపుతోందని ఆయన ఊహించాడు. 1888లో పారిస్‌లో రూ, యెర్సిన్ ఆ క్రిములు పెరిగిన ద్రవాన్ని వడగట్టి, ఒక్క క్రిమి కూడా లేని నీటిని జంతువులకు ఎక్కిస్తే అవి అదే జబ్బుతో చచ్చిపోయాయి. ఊహ రుజువైంది.

ఇక నీ ప్రశ్న. ఆ విషం తయారుచేసే జీన్ అసలు ఈ బ్యాక్టీరియాది కానేకాదు! బ్యాక్టీరియాకు పట్టే ఒక వైరస్ ఉంటుంది, ఫేజ్ అంటాం. ఆ ఫేజ్ లోపలికి దూరి తన జన్యువును బ్యాక్టీరియా జన్యువులో కలిపేస్తే, దానితోపాటు విషం జీన్ కూడా వస్తుంది. 1951లో ఫ్రీమన్ అనే ఆయన, సాధువుగా ఉన్న క్రిములకు ఈ ఫేజ్ పట్టిస్తే అవి విషం చేయడం మొదలుపెట్టాయని చూపించాడు. అంటే మనకు వచ్చే జబ్బు వెనక బ్యాక్టీరియాకు వచ్చిన జబ్బు ఉందన్నమాట. చుట్టూ ఇనుము తగ్గినప్పుడే ఆ జీన్ పనిచేయడం మరో తమాషా. విషం మన కణంలోకి దూరి ప్రొటీన్ తయారీకి కావలసిన ఒక ముక్కను పాడుచేస్తుంది. కణం ప్రొటీన్ చేసుకోలేక చస్తుంది. ఒక్క అణువు లోపలికి పోయినా ఒక కణాన్ని చంపగలదు.

చాయ్_బిస్కెట్
మాస్టారూ, ఇంటర్‌లో మీరు చెప్పి ఉంటే నేను ఈపాటికి డాక్టర్ని. మా సార్ నోట్స్ డిక్టేట్ చేసి నిద్రపోయేవాడు.

పాత_పంతులు
నేనూ నిద్రపోయేవాణ్నే. మధ్యాహ్నం పీరియడ్లో.

ప్రకృతి_బాట
సరే, ఒక మాట సూటిగా అడుగుతా. టీకా వేయించుకున్నవాడి గొంతులోనూ క్రిమి ఉండొచ్చంటారు. మరి టీకా ఏం పీకినట్టు?

పాత_పంతులు
ఇది మంచి ప్రశ్న, వెటకారంగా అడిగినా సరే. టీకాలో ఉన్నది క్రిమి కాదు, ఆ విషమే. ఫార్మలిన్‌తో కోరలు తీసేసిన విషం. 1923లో ఫ్రాన్స్‌లో రామోన్ తయారుచేశాడు, టాక్సాయిడ్ అంటాం. అది వేస్తే మన ఒళ్లు ఆ విషానికి విరుగుడు తయారుచేసి పెట్టుకుంటుంది. క్రిమి గొంతులో కాపురం పెట్టినా దాని విషం పారదు. టీకా వేసుకున్నవాడికి జబ్బు రాకపోవడం, వచ్చినా ప్రాణం మీదికి రాకపోవడం అందుకే. వేసుకోనివాడు పక్కన ఉంటే వాడి పని వేరు.

వార్డు_డ్యూటీ
పైగా ఆ విరుగుడు జీవితాంతం అలాగే ఉండదు. ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతుంది. ఈ థ్రెడ్‌లో అందరూ గుర్తుపెట్టుకోవాల్సింది అదే. మీ అమ్మగారు పిల్లల టీకాలు అంటున్నారు చూశారా, ఇప్పుడు నా వార్డులోకి వచ్చేవాళ్లలో పసిపిల్లలు తక్కువ. ఐదేళ్లు దాటినవాళ్లు, స్కూలు పిల్లలే ఎక్కువ. పక్క వార్డులో పెద్దవాళ్లూ ఉంటారు.

మాస్కో_మెడికో
రష్యాలో ఎంబీబీఎస్ చేశాను. అక్కడ ఇన్ఫెక్షన్స్ క్లాసులో ఈ జబ్బుకు కేటాయించినంత టైం ఇంకేదానికీ లేదు. సోవియట్ యూనియన్ విడిపోయిన రోజుల్లో టీకాలు దెబ్బతిని 1990 నుంచి ఆ దేశాలన్నిట్లో కలిపి లక్షన్నరకు పైగా కేసులు, 5,000 దాకా మరణాలు. చదువుకున్న, ఆస్పత్రులున్న దేశాలవి. రోగుల్లో ఎక్కువమంది పదిహేనేళ్లు దాటినవాళ్లు. చిన్నప్పుడు టీకా వేసుకుని, తర్వాత మళ్లీ వేసుకోనివాళ్లు బోలెడుమంది. చివరికి పెద్దలందరికీ టీకాలు వేస్తే గానీ లొంగలేదు.

కడప_కుర్రాడు
కుక్కల బండ్ల మీద మంచులో మందు తీసుకెళ్లారు కదా, అది ఈ జబ్బుకేనా?

మాస్కో_మెడికో
దీనికే. 1925 జనవరి, అలాస్కాలో నోమ్ అనే ఊరు. రైలు దిగిన చోటి నుంచి వెయ్యి కిలోమీటర్లకు పైగా, ఇరవై మంది బండివాళ్లు ఒకరి తర్వాత ఒకరు అందుకుని ఐదున్నర రోజుల్లో చేర్చారు. మోసుకెళ్లింది ఇదే గుర్రం సీరం. ఆఖరి బండికి ముందు నడిచిన కుక్క బాల్టోకు న్యూయార్క్ సెంట్రల్ పార్కులో విగ్రహం ఉంది.

చాయ్_బిస్కెట్
సీరం ఇచ్చింది గుర్రం, విగ్రహం కుక్కకు. ఆఫీసుల్లో జరిగేదే.

పాత_పంతులు
గుర్రానికి కాదు గానీ, సీరం కనిపెట్టినందుకు బేరింగ్‌కు 1901లో నోబెల్ వచ్చింది. వైద్యంలో మొట్టమొదటిది. ఇప్పుడు ఆ సీరం చేసే కంపెనీలు ప్రపంచంలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, హైదరాబాద్‌లోనూ ఒకటి ఉంది, పాముకాటు మందుతోపాటు ఇదీ చేస్తుంది. జబ్బు తగ్గేకొద్దీ మందు చేసేవాళ్లు తగ్గారు. 2018 సెప్టెంబరులో ఢిల్లీలో పిల్లలు వరసగా చనిపోయినప్పుడు సీరం దొరక్కపోవడం పెద్ద వార్త అయింది.

ఖమ్మం_ఏఎన్ఎం
పెద్ద పెద్ద విషయాలు అయిపోయాయా? ఇప్పుడు నా గోడు వినండి.

ఆరు, పది, పద్నాలుగు వారాలకు పెంటావలెంట్, డిఫ్తీరియాతో కలిపి ఐదు జబ్బుల టీకా. వీటికి అందరూ వస్తారు, బాలింత పుట్టింట్లో ఉంటుంది, అమ్మమ్మ ఎత్తుకుని తెచ్చేస్తుంది. 16 నుంచి 24 నెలల మధ్య డీపీటీ (డిఫ్తీరియా, కోరింత దగ్గు, ధనుర్వాతం) బూస్టర్. అప్పటికి పిల్ల నడుస్తుంటుంది, తల్లి పనికి పోతుంటుంది. ఆ సూది తొడకు వేస్తే రెండు రోజులు జ్వరం, కాలు కింద పెట్టదు. అంటే తల్లికి రెండు రోజుల కూలి పోయినట్టే. "తర్వాత వస్తాలే అక్కా" అంటుంది. ఆ తర్వాత అనేది రాదు. ఐదేళ్లకు ఇంకో బూస్టర్ ఉందని చదువుకున్నవాళ్లకే సగం మందికి తెలియదు. పదేళ్లకు, పదహారేళ్లకు టీడీ. అది స్కూలుకు వెళ్లి వేస్తాం. గవర్నమెంట్ స్కూల్లో గంటలో అయిపోతుంది. ప్రైవేటు స్కూల్లో గేటు దగ్గరే ఆపేస్తారు, పేరెంట్స్ ఒప్పుకోవట్లేదని. ఎవరి పిల్లలకు పూర్తిగా పడ్డాయో మీరే లెక్కేసుకోండి.

వాచ్‌మన్ కుటుంబం ఏ ఊరు సార్?

మియాపూర్_మూర్తి
పాలమూరు వైపు. ఇటుక బట్టీల్లో చేసి, ఆ తర్వాత కన్‌స్ట్రక్షన్‌లో చేసి, మా బిల్డింగ్ కట్టడానికి వచ్చి ఇక్కడే వాచ్‌మన్‌గా ఉండిపోయాడు. టీకా కార్డు ఊళ్లో ఇంటి దగ్గర ఉందేమో అంటున్నాడు.

ఖమ్మం_ఏఎన్ఎం
నాకు తెలుసు అదే ఉంటుందని. మూడు చోట్లు మారితే ఏ ఏఎన్ఎం రిజిస్టర్లోనూ ఆ పిల్లాడు ఉండడు. ఇప్పుడు యూవిన్ అనే గవర్నమెంట్ ఆన్‌లైన్ టీకా రిజిస్టర్లో ఎక్కిస్తున్నాం, ఫోన్ నంబరుతో ఎక్కడైనా తీయొచ్చు. కార్డు దొరక్కపోతే వేయలేదనే లెక్క, మళ్లీ మొదలుపెడతాం. ఏడేళ్లు దాటినవాళ్లకు డీపీటీ వేయం, టీడీనే. వాడి చెల్లెళ్లు, తమ్ముళ్లు ఉంటే వాళ్లకూ చూడమనండి.

గేటెడ్_గోపాల్
అందరూ వాచ్‌మన్ మీద జాలి చూపిస్తున్నారు, బాగానే ఉంది. 60 ఫ్లాట్లలో చిన్నపిల్లలున్నారు. కొన్నాళ్లు వాళ్లను ఊరికి పంపిస్తే తప్పేంటి? జీతం ఇచ్చే పంపొచ్చు.

వార్డు_డ్యూటీ
తప్పే. వాళ్లు ఇప్పుడు స్వాబ్ ఇచ్చి, మందులు మింగుతూ, హెల్త్ వాళ్ల లెక్కలో ఉన్నారు. మందులు మొదలైన రెండు రోజులకు అంటించే అవకాశం దాదాపు పోతుంది. బస్సెక్కించి పంపితే మాత్రలు మానేస్తారు, రిపోర్టు వచ్చేనాటికి దొరకరు, అక్కడి పిల్లలకు ప్రమాదం. మీ బిల్డింగ్‌లో అందరికంటే తక్కువ భయపడాల్సింది వాళ్ల గురించే.

గేటెడ్_గోపాల్
పుస్తకాల్లో బాగుంటుంది డాక్టర్‌గారూ. మీ పిల్లలు అదే సెల్లార్‌లో ఆడుకుంటే తెలుస్తుంది.

వార్డు_డ్యూటీ
మా పాప నేను వార్డు నుంచి ఇంటికి రాగానే మెడకు వేలాడుతుందండీ. మూడు బూస్టర్లూ పడ్డాయి దానికి. నాకూ పడింది.

డల్లాస్_పద్మ
ఇక్కడ గ్రీన్ కార్డు మెడికల్‌కు వెళ్తే ఈ టీకా ఉందా అని అడుగుతారు, లేకపోతే వేస్తారు. కడుపుతో ఉన్నప్పుడు మళ్లీ వేశారు. డెలివరీకి మా అత్తగారు వస్తుంటే పాపను ఎత్తుకోవాలంటే ఆవిడా వేయించుకోవాలంది డాక్టర్. ఆవిడ అలిగి, "నా మనవరాలిని ఎత్తుకోడానికి నాకు సూదా" అని రెండు రోజులు మాట్లాడలేదు. వేయించుకున్నారు, చెయ్యి నొప్పి అని వారం చెప్పుకున్నారు. ఆ తర్వాత పదేళ్లకోసారి. మూర్తిగారూ, అమ్మగారికి ఈ కథ చెప్పండి.

మియాపూర్_మూర్తి
చెప్పాను. "ఆవిడ అమెరికాకు వెళ్లింది కాబట్టి వేయించుకుంది, నేను మియాపూర్ దాటను" అంది.

కడప_కుర్రాడు
పోయిన్నెల బండి మీంచి పడి టీటీ వేయించుకున్నా. అది సరిపోదా?

ఖమ్మం_ఏఎన్ఎం
సరిపోదు తమ్ముడూ. టీటీలో ధనుర్వాతం మందు ఒక్కటే. టీడీలో దానితోపాటు డిఫ్తీరియాది కూడా ఉంటుంది, పెద్దవాళ్లకు తగ్గట్టు తక్కువ మోతాదులో. గవర్నమెంట్‌లో టీటీ ఆపేసి టీడీయే ఇస్తున్నాం, గర్భిణులకు కూడా. బయట మందుల షాపులో దెబ్బ తగిలిందనగానే ఇంకా టీటీయే తీసి ఇస్తారు. ఈసారి పడితే టీడీ అడుగు. పడకుండా ఉంటే ఇంకా మంచిది.

చాయ్_బిస్కెట్
ఇది నాకు నిజంగా తెలియదు. ఇన్నేళ్లు మేకు గుచ్చుకున్న ప్రతిసారీ సగం సూదే వేయించుకున్నానన్నమాట.

మియాపూర్_మూర్తి
అప్‌డేట్. నిన్న మీటింగ్ పెట్టారు. వాచ్‌మన్ కుటుంబమంతా టీకా సర్టిఫికెట్ తెచ్చేదాకా లోపలికి రాకూడదని సెక్రటరీ తీర్మానం చదివాడు. మీరందరూ చెప్పింది తలలో తిరుగుతోంది కదా, "సార్, మీ టీడీ సర్టిఫికెట్ ఏది" అన్నా. హాల్లో ఒక్కరి దగ్గరా లేదు. నా దగ్గరా లేదనుకోండి.

ఈలోపు పొద్దున స్వాబ్ రిపోర్టులు వచ్చాయి. వాచ్‌మన్ ఇంట్లో అందరికీ నెగటివ్. మావాడిది నెగటివ్. పాజిటివ్ వచ్చింది మూడో అంతస్తులో పిల్లలందరికీ ట్యూషన్ చెప్పే మేడమ్‌కి. నలభై ఏళ్లు దాటాయి, గొంతునొప్పి కూడా లేదు. వాచ్‌మన్ బాబు కూడా సాయంత్రాలు ఆవిడ దగ్గరే కూర్చుని హోంవర్క్ చేసుకునేవాడు, ఫీజు తీసుకోకుండా చెప్పేది. ఇప్పుడు గ్రూపులో ఎవరూ మాట్లాడట్లేదు.

గేటెడ్_గోపాల్
అంటే ఆవిడ నుంచే బాబుకు వచ్చిందా?

ల్యాబ్_లక్ష్మి
అలా చెప్పలేం. బాబు నుంచి ఆవిడకు వచ్చి ఉండొచ్చు, ఇద్దరికీ ఇంకొకరి నుంచి వచ్చి ఉండొచ్చు. ఆవిడ గొంతులో ఉన్నది విషం చేసే రకమో కాదో కూడా ఇంకా తేలాలి. దయచేసి ఇప్పుడు ఆ మేడమ్ మీద పడకండి. ఆవిడా మందులు వాడి, కోర్సు అయ్యాక మళ్లీ స్వాబ్ ఇవ్వాలి. అంతవరకు ట్యూషన్ ఆపితే చాలు.

ప్రకృతి_బాట
నేను టీకాల మీద నా అభిప్రాయం మార్చుకోలేదు. కానీ వాచ్‌మన్‌ను పంపించేయాలనడం మాత్రం అన్యాయం. ఇది రికార్డులో ఉండాలి.

నల్లకుంట_నాని
ఈ ఒక్క ముచ్చటల నీతోటి ఉన్న అన్నా.

గేటెడ్_గోపాల్
మా ఇంట్లో ఐదుగురం. టీడీ ఎక్కడ వేస్తారో ఎవరైనా చెప్పండి.

ఖమ్మం_ఏఎన్ఎం
బుధవారం, శనివారం టీకాల రోజులు. దగ్గర్లో ఉన్న పట్టణ ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. పిల్లలకు, గర్భిణులకు ఉచితం. మీ బిల్డింగ్‌లో కేసు ఉంది కాబట్టి కాంటాక్టులుగా పెద్దవాళ్లకూ వేస్తారు, కేసు వివరం చెప్పండి. కాంటాక్టు కానివాళ్లు ప్రైవేటులో వేయించుకోవచ్చు, ఖరీదు పెద్దగా ఉండదు. పిల్లల కార్డులు పట్టుకెళ్లండి.

మియాపూర్_మూర్తి
ఇంకొక్కటి. బాబు బాగానే ఉన్నాడట, ఇంకా వార్డులోనే. వాళ్ల స్కూల్లో మాత్రం ఈ ఏడాదికి రావొద్దు అంటున్నారట. ఎన్నాళ్లు ఆపాలి అసలు?

వార్డు_డ్యూటీ
ఏడాది ఏంటండీ! యాంటీబయాటిక్ కోర్సు అయ్యాక, కనీసం 24 గంటల తేడాతో రెండు కల్చర్లు తీస్తారు. రెండూ నెగటివ్ వస్తే వాడి నుంచి ఎవరికీ ఏమీ రాదు. ఆ రెండు రిపోర్టులూ జిరాక్స్ తీసి హెడ్‌మాస్టర్ చేతికివ్వండి, వినకపోతే మీ ఏరియా మెడికల్ ఆఫీసర్‌తో ఫోన్ చేయించండి. డిశ్చార్జ్ అయ్యేలోపు వాడికి కూడా టీకా మొదలుపెట్టమని అడగండి. జబ్బు వచ్చి తగ్గినంత మాత్రాన మళ్లీ రాదన్న గ్యారంటీ దీనిలో లేదు. ఆటల పీరియడ్, సెల్లార్ క్రికెట్ మాత్రం గుండె డాక్టర్ సరే అనేదాకా వద్దు.

మియాపూర్_మూర్తి
క్రికెట్ సంగతి వాడికి మీరే చెప్పాలి సార్. నిన్న వాళ్ల నాన్న ఫోన్లోంచి బాబే మావాడితో మాట్లాడి, తన బ్యాట్ ఎవరికీ ఇవ్వొద్దన్నాడు.

వార్డు_డ్యూటీ
ఇవ్వొద్దనే చెప్పండి. ఈసీజీలు మామూలుగా ఉంటే నెల తర్వాత చూద్దాం.